బ్యాగు నువ్వే సర్దుకో బిడ్డా

మంచిర్యాల,
ఏప్రిల్ రెండో ఆదివారం

బిడ్డా,

నీ పదో తరగతి పరీక్షలు అయిపోయాయనీ, మే నడుమ నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతం కింద ఉండే అన్నపూర్ణ బేస్ క్యాంప్‌కు నడిచి పోతున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సగం సంతోషం, సగం ఏడుపు. నీకు నాలుగు మాటలు చెబుదామని ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ పెద్దమ్మా, ఊఁ" అంటూ ఇంకేదో చూస్తున్నావని నాకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్లు బడిలో ఆటల టీచర్‌గా చేసినదాన్ని, ఎవరు వింటున్నారో ఎవరు వినడం లేదో ఆ మాత్రం తెలియదా? అందుకే కాగితం మీద రాస్తున్నా.

మొట్టమొదటి మాట. నీ బ్యాగు మీ అమ్మను సర్దనివ్వకు.

మా చెల్లెలు సర్దడంలో దిట్ట. మేడారం పోతే గ్యాస్ పొయ్యితో సహా సర్దే మనిషి. కానీ అది సర్దితే ఏ వస్తువు ఎక్కడుందో దానికి తెలుస్తుంది, నీకు తెలియదు. నేను నలభై ఏడేళ్లకు ఇదే దారిలో పోయినప్పుడు నా బ్యాగు మీ అమ్మమ్మ సర్దింది. దేవరాలీ అని 3,200 మీటర్ల ఎత్తున ఒక మజిలీ ఉంటుంది. తెల్లవారుజామున కరెంటు లేదు, పక్క మంచం మీదావిడ వాంతి చేసుకుంటోంది. టార్చ్ కోసం బ్యాగులో చెయ్యి పెడితే ముందు సకినాల పొట్లం తగిలింది. తర్వాత స్వెటర్, తర్వాత కుంకుమ భరిణె, ఆ తర్వాత మళ్లీ ఇంకో సకినాల పొట్లం. టార్చ్ అన్నిటికీ అడుగున, సాక్సులో దాచి ఉంది, పగిలిపోకుండా. పాపం, మీ అమ్మమ్మ ప్రేమ అది. పది నిమిషాలు చీకట్లో తడుముకున్నాను.

కాబట్టి నువ్వే సర్దుకో, కనీసం మూడుసార్లు. ఒకసారి అంతా పెట్టి చూడు, తీసి మంచం మీద పరుచు, అందులో మూడో వంతు పక్కకు పెట్టు. టార్చ్, మందుల సంచి, వాన కోటు, నీళ్ల సీసా, ఈ నాలుగూ కళ్లు మూసుకున్నా చేతికి రావాలి. బరువైనవి వీపుకు ఆనుకుని నడుమ భాగంలో ఉండాలి, అడుగున పెడితే బ్యాగు కిందికి లాగుతుంది. బట్టల కింద యూరియా బస్తా లోపల వచ్చే మందపు ప్లాస్టిక్ సంచి లాంటిది ఒకటి పరుచుకుని మూతి కట్టెయ్. పైన వేసే రెయిన్ కవర్‌ను గాలివాన లెక్కచెయ్యదు. నువ్వు మోసేది ఐదారు కిలోలు దాటొద్దు. పెద్ద బ్యాగు పోర్టర్ మోస్తాడు కదా అంటావేమో, ఆయనదీ వీపే.

ఇక బూట్లు. ఇవి ఇవాళే కొను, ప్రయాణానికి వారం ముందు కాదు. సాయంత్రం పూట, మందపు సాక్సులు తీసుకుని షాపుకు పో. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది, ఆ సైజే అసలు సైజు. వేసుకుని వాలు మీద కిందికి నడిచి చూడు, బొటనవేలు ముందుకు తగలకూడదు. అందరూ ఎక్కడం గురించే భయపడతారు గానీ గోళ్లు ఊడేది దిగేటప్పుడే. నా కుడికాలి బొటనవేలు గోరు నల్లబడి రాలిపోవడానికి కారణం కొత్త బూట్లు, కత్తిరించుకోని గోళ్లు. అది మళ్లీ పూర్తిగా రావడానికి దాదాపు ఏడాది పట్టింది.

కొన్న బూట్లతోనే రోజూ పొద్దున ఆరు లోపు మీ హనుమకొండ పద్మాక్షి గుట్ట ఎక్కి దిగు. మొదటి వారం ఖాళీ చేతులతో, రెండో వారం బ్యాగులో రెండు లీటర్ల నీళ్లు, అట్లా పెంచుకుంటూ పో. ఎనిమిది తర్వాత వద్దు, మన ఎండలకు గుట్ట పెనంలా కాలుతుంది. ఛోమ్రోంగ్ అనే ఊరి దగ్గర రాతి మెట్లు వేలల్లో ఉంటాయి. నదిదాకా దిగాలి, అవతల మళ్లీ ఎక్కాలి, వచ్చేటప్పుడు అదే తిరిగి. ఆరోజు నీ మోకాళ్లు పద్మాక్షమ్మను తలుచుకుంటాయి.

మాలావత్ పూర్ణ పేరు చెప్పి మీ నాన్నను ఒప్పించావట. మన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి పద్నాలుగేళ్లు ఇంకా నిండలేదు. నిజమే. అయితే ఆ అమ్మాయి ముందు భువనగిరి బండ మీద నేర్చుకుని, డార్జిలింగ్‌లో, లడఖ్ మంచులో నెలల తరబడి శిక్షణ తీసుకుంది. ఆ సగం మీ నాన్నకు చెప్పలేదనుకుంటా. నీ చేతిలో ఉన్నవి ఐదు వారాలు.

బట్టల విషయంలో మన అలవాట్లు అక్కడ పనికిరావు. కాటన్ ఇక్కడ ప్రాణం, అక్కడ శత్రువు. చెమటకో వానకో తడిస్తే ఆరదు, ఒంటికి అతుక్కుని చలి పుట్టిస్తుంది. జీన్స్ అసలే వద్దు. ఆటలాడేటప్పుడు వేసుకునే పాలిస్టర్ టీషర్టులు మూడు, ట్రాక్ ప్యాంట్లు రెండు, పైన ఒక ఫ్లీస్, అంటే మెత్తటి చలి చొక్కా, దాని పైన గాలీ వానా ఆపే కోటు. మందంగా ఒక్కటి కన్నా పలచగా మూడు మేలు, ఎక్కేటప్పుడు ఒక్కొక్కటి విప్పుకోవచ్చు. మే నెలలో హనుమకొండలో స్వెటర్ల దుకాణాలు ఎక్కడివి? ఈకలు నింపిన చలికోటు, స్లీపింగ్ బ్యాగు కొనకు. కాఠ్మండులోని థమేల్‌లో, పోఖరాలో లేక్‌సైడ్ దగ్గర అద్దెకు దొరుకుతాయి. తీసుకునేటప్పుడు జిప్పు పైదాకా లాగి చూడు, లోపల వాసన చూడు. మొహమాటపడొద్దు. సాక్సులు మాత్రం నాలుగు జతలు, ఒకటి రాత్రి పడుకోవడానికి మాత్రమే.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా చదువు. మన ఓరుగల్లు సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తు. నువ్వు పోయేది 4,130 మీటర్లకు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో సుమారు 60 శాతమే, అంటే ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది. తలనొప్పి, ఆకలి లేకపోవడం, వికారం, నిద్ర పట్టకపోవడం, ఇవి ఎవరికైనా రావచ్చు. బలంగా ఉన్నవాళ్లకు రావనేం లేదు. నీ వయసు వాళ్లతో వచ్చే చిక్కు ఏమిటంటే చెప్పరు. నా వల్ల అందరూ ఆగిపోతారని, వీడియోలో ఏడుపు మొహం పడుతుందని దాచిపెడతారు. నా క్లాసులో కాలు బెణికినా కబడ్డీ ఆడేసిన పిల్లలు ఎంతమందో. అక్కడ అది కుదరదు. తలనొప్పి మొదలవగానే గైడ్‌కు చెప్పు. తగ్గకపోతే పైకి పోవద్దు, పెరుగుతుంటే ఆ రాత్రే కిందికి దిగాలి. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా అది మాత్రతో సర్దుకునే వ్యవహారం కాదు. దిగడమే మందు. ఈ ఎత్తు జబ్బుకు డయామాక్స్ అని మాత్ర ఉంది, ఎవరో ఇచ్చారని వేసుకోకు. ముందే డాక్టర్‌ను అడుగు, సల్ఫా మందులు పడవని ఎప్పుడైనా తేలి ఉంటే అది తప్పక చెప్పు. చిన్నప్పుడు నీకు పిల్లికూతలు ఉండేవి. ఇన్‌హేలర్ ఇప్పుడు వాడకపోయినా డాక్టర్‌కు చెప్పి ఒకటి వెంట పెట్టుకో, మీ గ్రూపు లీడర్‌కు కూడా చెప్పు. సిగ్గేం లేదు.

ఇంకొకటి, మీ నాన్న ముందు చదవకు. నెలసరి తేదీ ఇంకా దూరం ఉంది కదా అని ప్యాడ్లు వదిలెయ్యకు. ప్రయాణం, చలి, అలసటతో ముందే రావచ్చు. కొండ మీద కొనడానికి దొరకవు. రెండు నెలలకు సరిపడా పెట్టుకో, పారేయడానికి లోపల కనిపించని కవర్లు కొన్ని, తడి టిష్యూలు ఒక ప్యాకెట్. వాడినవి కవర్లో పెట్టి కిందికి తెచ్చుకో, మరుగుదొడ్లో వెయ్యకు. నొప్పి మాత్రలు నీవి నీ దగ్గరే ఉండాలి.

తిండికి లోటు లేదు, పప్పూ అన్నం పొద్దున సాయంత్రం దొరుకుతాయి, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. చప్పగా ఉంటుందంతే. దానికి పల్లికారం ఒక చిన్న డబ్బా చాలు. ఛోమ్రోంగ్ దాటాక అది పవిత్ర స్థలమని మాంసం తీసుకుపోరు, వండరు. ముక్క లేనిదే ముద్ద దిగని నీకు అది నా వైపు నుంచి శిక్ష అనుకో. సకినాలు బ్యాగులో పిండి అవుతాయి, పల్లిపట్టీలు, నువ్వుల ముద్దలు పెట్టుకో. ఎండు కొబ్బరి కుడుకలు మాత్రం వద్దు. నూనె ఉన్నది, అంటుకునే వస్తువు అని విమానం దగ్గర తీసి పక్కన పెడతారు. పచ్చడి సీసా తేవాలనుకుంటే చెక్-ఇన్ బ్యాగులో. పవర్ బ్యాంక్ దానికి విరుద్ధం, చేతి సంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ దాకా ఇబ్బంది లేదు. పైకి పోయేకొద్దీ ఛార్జింగ్‌కూ డబ్బు తీసుకుంటారు, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. రాత్రి ఫోన్‌ను నీతోపాటు దుప్పట్లో పడుకోబెట్టు, ఎలాగూ నీకది అలవాటే. ఛోమ్రోంగ్ పైన ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అమ్మరు, లీటరు సీసాలు రెండు, క్లోరిన్ మాత్రలు కావాలి.

కాగితాల దగ్గర మీ అమ్మ పొరపాటు పడుతోంది. "నేపాల్‌కు ఆధార్ చాలు కదక్కా" అంది. 15 ఏళ్ల లోపు పిల్లలకు, 65 దాటిన వాళ్లకు చాలు. నీకు పదహారు, ఓటరు కార్డు రాని వయసు. నీలాంటి వాళ్లకు బడి ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు పత్రంతో అనుమతి ఉంది గానీ, పాస్‌పోర్ట్ ఉంటే ఎవరితోనూ వాదన ఉండదు. హైదరాబాద్ పోనక్కర్లేదు, వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఉంది. అమ్మానాన్నలిద్దరూ సంతకం చేసే డిక్లరేషన్ కావాలి, రేపే స్లాట్ చూడమను. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, అక్షరం తేడా లేకుండా. మన ఇంటిపేర్లతోనే గొడవంతా. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు, పదో తరగతి మెమోలో మూడో రకం. నా టికెట్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా పడితే కౌంటర్ దగ్గర నలభై నిమిషాలు నిలబెట్టారు.

ఇన్సూరెన్స్ కాగితం మీ నాన్నతో కూర్చుని చదువు. ఎన్ని మీటర్ల ఎత్తుదాకా వర్తిస్తుందో, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారో లేదో, రాఫ్టింగ్ ఉందో లేదో. 4,130 కన్నా తక్కువ అంకె కనిపిస్తే అది నీకు పనికిరాదు. డబ్బు లెక్క సులువు, మన వంద వాళ్ల నూటఅరవై. వంద రూపాయల నోట్లు ఎక్కువ పెట్టుకో, రెండు చోట్ల విడివిడిగా దాచుకో. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకో. మన ప్లగ్గులు సరిపోతాయి. పాస్‌పోర్ట్ ఫోటోలు నాలుగు అదనంగా ఉంచు, పర్మిట్లకు అడుగుతారు.

ఇంకా ఏదో రాయాలనుకున్నా, గుర్తుకు రావట్లేదు. ఆఁ, ఉప్పు. పాత గుడ్డలో పిడికెడు ఉప్పు మూటకట్టి బ్యాగు పక్క జేబులో పెట్టు. వాన పడితే అడవి దారిలో జలగలు పడతాయి, మూట తడిపి అద్దితే వదిలేస్తాయి.

మే మొదటి ఆదివారం నేను హనుమకొండ వస్తున్నా, నా వాన కోటు నీకు తెస్తా. ఆ రాత్రి పన్నెండింటికి లైట్లన్నీ తీసేసి నిన్ను లేపుతా. మూడు నిమిషాల్లో టార్చ్ వెలిగించి, బూట్లు కట్టుకుని, వాన కోటు తొడుక్కుని గుమ్మం దగ్గర నిలబడాలి. మీ అమ్మకు ముందే చెప్పి ఉంచు, అరిస్తే బాగుండదు.

మీ పెద్దమ్మ