పటం తడిమినా పాపకు ఎందుకు తెలియడం లేదు?

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. ఏడో తరగతి. బ్రెయిలీ గబగబా చదువుతుంది. కానీ శ్రీకాకుళం జిల్లా ఉబ్బెత్తు పటం చేతికిస్తే కాసేపు తడిమి, “ఏవో గీతలమ్మా” అని పక్కన పెట్టేస్తోంది. ఇంట్లో మేమేం చెయ్యాలి?
– ఒక తల్లి, టెక్కలి

జవాబు: ఇందులో పాప లోపం ఏమీ లేదమ్మా. బ్రెయిలీ వచ్చినంత మాత్రాన పటం చదవడం రాదు, దాన్ని విడిగా నేర్పాలి. బ్రెయిలీ అక్షరం వేలి కొన కింద మొత్తం ఇమిడిపోతుంది. పటం అలా ఇమడదు. ముక్క ముక్కగా తగిలినదాన్ని పాప మనసులో అతుక్కోవాలి.

ముందు వస్తువులతో మొదలుపెట్టండి. గ్లాసును అట్ట మీద నిలబెట్టి, అడుగు అంచు చుట్టూ పురికొస అతికించండి. గ్లాసు తీసేసి ఆ గుండ్రాన్ని తడమనివ్వండి, మళ్ళీ గ్లాసును సరిగ్గా దాని మీదే పెట్టమనండి. తర్వాత మీ గది. మంచానికి, బల్లకు అగ్గిపెట్టెలు, గుమ్మానికి ఖాళీ. అట్టను తడిమి, నిజం మంచం దగ్గరికి పాప తనంతట తాను నడిచి వెళ్ళగలిగాక, అగ్గిపెట్టెలు తీసేసి వాటి అంచుల్లో దారం మాత్రం ఉంచండి. ఈ మెట్టు దాటించకుండా పటం చేతికిస్తే గీతలు గీతలుగానే మిగిలిపోతాయి.

ఇక జిల్లా పటం. అచ్చు పటంలో ఉన్నవన్నీ ఉబ్బెత్తుగా చేస్తే మండలాల హద్దులు, రైలు దారి, హైవే, నదులు కలిసి ముద్దవుతాయి. గీతకూ గీతకూ మధ్య కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఏ4 అట్ట మీద సముద్ర తీరానికి పురికొస, వంశధార, నాగావళులకు సన్నదారం, శ్రీకాకుళం, కళింగపట్నాలకు చెరో కందిపప్పు బద్ద అతికించండి. అంతే చాలు. రైలు దారి, హైవే మరో అట్ట మీద. ఉత్త జిగురుతో గీత గీస్తే ఆరేసరికి అణిగిపోతుంది, అందుకే దారం వాడమంటున్నాం. సముద్రం వైపు పలచటి నూలుగుడ్డ చాలు. గరుకు కాగితం వద్దు, వేలి స్పర్శ మొద్దుబారుతుంది. ఊరి పేరు పూర్తిగా పట్టదు కాబట్టి ఒకటి రెండు బ్రెయిలీ అక్షరాల గుర్తు పెట్టి, వివరం వేరే కాగితం మీద రాయండి. అట్ట పై కుడి మూల కత్తిరిస్తే తలకిందులు కాకుండా పట్టుకుంటుంది.

చదివేటప్పుడు మొదట గుర్తుల కాగితం. ఆ తర్వాత రెండు అరచేతులూ అట్టంతా తిరగాలి. అప్పుడే ఒక్కో గీత. ఎడమ చూపుడు వేలు వంశధార పై కొసన ఆనించి ఉంచి, కుడి వేలితో కళింగపట్నం దగ్గర తీరం తగిలేదాకా రమ్మనండి. ఎడమ వేలు కదిలిపోతే ఎక్కడ మొదలుపెట్టిందో తప్పిపోతుంది. పాప చెయ్యి పట్టి లాగకండి. మీ చెయ్యి కింద, తన చెయ్యి పైన ఉండాలి, అప్పుడు ఎప్పుడంటే అప్పుడు వదిలి తనే వెతుక్కోగలదు. మీరే చెప్పేయకుండా అడగండి: శ్రీకాకుళం ఏ నది ఒడ్డున ఉంది? ఆ నది సముద్రంలో కలిసే చోటు కళింగపట్నానికి ఎటు పక్క?

ప్రశ్న: నా తరగతిలో కొద్దిగా చూపున్న అబ్బాయి ఉన్నాడు. ఉబ్బెత్తు గ్రాఫు ఇస్తే గడుల్లో వక్రరేఖను పోగొట్టుకుంటున్నాడు.
– లెక్కల మాస్టారు, బొబ్బిలి

జవాబు: గడులు, వక్రరేఖ ఒకే ఎత్తులో ఉండటమే కారణం మాస్టారూ. కాగితం కింద రబ్బరు షీటు వేసి, టైలర్ల పళ్ళ చక్రంతో గడులను ముందు వైపు నుంచే నొక్కండి, అవి గాడిలా లోపలికి ఉంటాయి. వక్రరేఖను మాత్రం వెనక నుంచి నొక్కితే అదొక్కటే పైకి లేస్తుంది. వెనక గీసేటప్పుడు కుడి ఎడమలు తారుమారు చేసి గీయాలి, మరిచిపోతే పెరిగే రేఖ తగ్గే రేఖ అవుతుంది. గడి 1 సెంటీమీటరుకు తక్కువ వద్దు. ఉన్న చూపునూ వాడనివ్వండి. వక్రరేఖ మీద నల్ల స్కెచ్ పెన్నుతో లావుగా దిద్దండి, మెరిసే కాగితం మాత్రం వాడకండి.