థెస్పియన్ అంటే మీ ఊళ్ళో ఎవరు?

నాయనా,

కథ అందింది, రెండుసార్లు చదివినాను. తాత పోయిన రాత్రి ట్రంకుపెట్టె తెరిస్తే కిరీటానికి అతికించిన అద్దంబిళ్ళ ఒకటి ఊడి నేలమీద పడిందని రాసినావు చూడు, అది కళ్ళారా చూసినవాడు తప్ప రాయలేడు. అక్కడినుంచి రెండు లైన్లు దిగినానో లేదో 'మా తాత సీమ గర్వించదగ్గ థెస్పియన్' అని తగిలింది. అంతే, మీ ఇల్లు, ఆ పెట్టె, అన్నీ మాయమైపోయి ఎక్కడో ఇంగ్లీషు పేపర్లో శ్రద్ధాంజలి చదువుతున్నట్టు అయింది. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే.

మాట చెడ్డదని కాదు, నటుడనే దాని అర్థం. గ్రీసులో క్రీ.పూ. 6వ శతాబ్దంలో థెస్పిస్ అని ఒకాయన ఉండేవాడు. అప్పటిదాకా అందరూ గుంపుగా నిలబడి పాడేవాళ్ళు, ఆ గుంపులోంచి బయటికొచ్చి పాత్ర తానే అయినట్టు మాట్లాడిన మొదటి మనిషి ఈయనేనని పాతకాలం వాళ్ళు చెప్పుకున్నారు. క్రీ.పూ. 534లో ఏథెన్స్ నాటకపోటీలో గెలిచినాడనీ అంటారు. హోరేస్ అనే రోమన్ కవి ఇంకో ముచ్చట చెబుతాడు: థెస్పిస్ తన నాటకాల్ని బండ్లమీద వేసుకుని తిప్పేవాడట, ఆడేవాళ్ళు ముఖాలకు ద్రాక్షసారా మడ్డి పూసుకునేవాళ్ళట. మన వేషాలకు ముఖాన పూసే అర్దళం, వాళ్ళకు సారా మడ్డి. ఆ థెస్పిస్ పేరుమీదే ఇంగ్లీషులో నటుడు థెస్పియన్ అయినాడు.

పుట్టుక అది, వాడుక వేరే. ఇంగ్లీషు సొంతభాషగా ఉన్నవాళ్ళు ఈ మాటను ఎక్కువగా కాస్త నవ్వులాటకు వాడతారు, మనం 'మహానటులు వచ్చారండీ' అని వెక్కిరించినట్టు. మన దేశపు ఇంగ్లీషు పేపర్లకు మాత్రం అది బిరుదు. 2021లో దిలీప్ కుమార్ పోయినప్పుడు ఆయన పేరు ముందు ఈ మాటే తగిలించినారు, ఆయనకు పేరు తెచ్చింది సినిమాలే అయినా. ఒకచోట వెక్కిరింత, ఒకచోట దండం. నీ కథ చదివే తాడిపత్రి మనిషికి రెండూ కాదు, ఫోన్ తీసి అర్థం వెతుక్కునే పని.

'అయితే ఆర్టిస్టు అని మార్చేస్తా సార్' అంటావేమో, ఆగు. నేను కొత్తగా రాసే రోజుల్లో ఒక పెద్దాయన సన్మానానికి కరపత్రం రాసిచ్చినాను. ఆయన దుర్యోధనుడు కడితే వన్స్‌మోర్లతో తెల్లారిపోయేది. నేను గొప్పగా 'ప్రముఖ ఆర్టిస్టు' అని వేయించినా. వారం తిరక్కుండా ఎరువుల అంగడాయన ఒకడు ఆ పెద్దాయన ఇంటికొచ్చి 'సామీ, పది అడుగుల బోర్డు రాయడానికి ఎంత తీసుకుంటారు?' అని అడిగినాడట. పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు గానీ నాకు నెలరోజులు ఆ వీధిలో పోవాలంటే టెన్షనే. ఇంగ్లీషువాళ్ళు పాడేవాళ్ళకూ ఆడేవాళ్ళకూ చివర ఒక 'ఇ' తగిలించి (artiste) వేరే మాట చేసుకున్నారు, మన లిపిలోకి వచ్చేసరికి ఆ 'ఇ' రాలిపోయి బొమ్మలేసేవాడూ, బోర్డు రాసేవాడూ, సినిమాలో గుంపులో నిలబడే జూనియరూ, అందరూ ఆర్టిస్టులే.

నటులకు పేరు పెట్టే పని మనవాళ్ళు ఎట్లా చేసినారో చూడు. కడప జిల్లాలో సురభి అని ఒక పల్లె. తోలుబొమ్మలాడించే కుటుంబం 1885లో అక్కడ కీచకవధ ఆడింది, తెరవెనక బొమ్మలు కాకుండా మనుషులే వేషాలు కట్టి. ఆ ఊరిపేరే వాళ్ళకు ఇంటిపేరైపోయింది, మన టాకీ మొదటి కథానాయిక సురభి కమలాబాయిదాకా. ఇంగ్లీషులో ఒక మనిషి పేరు నటులందరిదీ అయింది, ఇక్కడ ఒక ఊరిపేరు. మన తాడిపత్రిలో 1880లో పుట్టిన రాఘవాచార్యులు బళ్ళారిలో ప్లీడరీ చేస్తూ నాటకాలాడి బళ్ళారి రాఘవ అయినాడు. 'బళ్ళారి' అన్న మూడక్షరాలు చేసిన పని ఏ విశేషణం చేస్తుంది చెప్పు?

ఇంకోటి. నటుడికి గ్రీకులో ఉన్న మాటలోంచే ఇంగ్లీషులో హిపోక్రిట్ వచ్చింది, అంటే పైకొకటి లోపలొకటి ఉన్నవాడు. మనం మాత్రం తక్కువ తిన్నామా, 'నాటకాలాడొద్దు', 'వేషాలెయ్యొద్దు' అని రోజూ తిట్టుకుంటూనే ఉంటాం. రాత్రి చప్పట్లు కొట్టిన చెయ్యే పొద్దున పిల్లనివ్వడానికి వెనకాడేది. నీ కథలో తాత పెళ్ళి ఎందుకు ఆలస్యమైందో ఒక్క ముక్కలో దాటేసినావు. నాకైతే కథంతా అక్కడే ఉందనిపించింది.

మా పక్క పల్లెల్లో వేషం కట్టే మనిషిని నటుడని కూడా పిలవరు. అర్జునుడు కట్టినవాడు మరుసటి రోజు టీ తాగడానికొస్తే 'అర్జునా, ఇట్లా కూర్చో' అంటారు, చచ్చేదాకా అదే పేరు. మీ తాతను ఊళ్ళో ఏమని పిలిచేవాళ్ళో నీ పది పేజీల్లో ఎక్కడా లేదు. మీ జేజి ఉంది కదా, అడుగు. ఆమె ఆయన పేరు నోటితో పలికేది కాదని నువ్వే రాసినావు, మరి ఆటకు ఆలస్యమవుతోందని ఇంట్లోంచి కేకేయాల్సి వస్తే ఏమని కేకేసేది?

కథ వెనక్కి పంపుతున్నాను. పెన్సిల్‌తో గుండ్రం చుట్టింది ఆ మాట ఒక్కదానికే.