పాత వెబ్లీ సీనియర్ ఎయిర్ పిస్టల్: స్ప్రింగ్ మార్చే ముందు చూడాల్సినవి

పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పదడుగులు పోయి పడిపోతోంది, స్ప్రింగ్ పోయిందేమో, ఎలా విప్పాలి అని అడిగారు. స్ప్రింగ్ మీద అనుమానం ఆఖరున పెట్టుకోండి. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ వాళ్ళు 1930లో తెచ్చిన ఈ సీనియర్‌లో సాధారణంగా ముందు దెబ్బతినేది బ్యారెల్ వెనక ఉండే చిన్న వాషర్.

దీని తీరు కాస్త తిరకాసు. బ్యారెల్ సిలిండర్ మీద పడుకుని ఉంటుంది, కీలు ముందు వైపు. బ్యారెల్ ఎత్తి ముందుకు తిప్పితే లింకు పిస్టన్‌ని ముందుకు లాగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ మన చేతి వైపు వెనక్కి దూకుతుంది. అక్కడ నలిగిన గాలి చిన్న రంధ్రంలోంచి పైకెక్కి బ్యారెల్‌లోకి పోతుంది. ఆ కలిసే చోటే వాషర్. పెల్లెట్ పెట్టి, ఆ అతుకు మీద సన్నటి టిష్యూ ముక్క వేసి, గట్టి దిమ్మ వైపు పేల్చండి. టిష్యూ ఎగిరిందా, గాలి అక్కడే పోతోంది. పాత వాషర్‌ని పుల్లతో పెకిలించి, అదే మందం తోలుతో కొత్తది కోసుకోండి. వెంట్రుకవాసి పైకి తేలి ఉండాలి. మందం ఎక్కువైతే గొళ్ళెం పడదు. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

అప్పటికీ బలం రాకపోతే విప్పండి. ముందు బ్యారెల్‌లో పెల్లెట్ లేదని, పిస్టన్ ఎక్కుపెట్టి లేదని చూసుకోండి. ఎక్కుపెట్టి ట్రిగ్గర్ బిగుసుకుపోయి ఉంటే ముట్టుకోకుండా పని తెలిసినవాళ్ళకి ఇవ్వండి. బ్యారెల్ తెరిచి ఉండగా పట్టు జారితే అది వెనక్కి కొట్టే దెబ్బకి వేలు నలుగుతుంది.

కీలు స్క్రూ తీసే ముందు దాన్ని బిగించి ఉంచే చిన్న స్క్రూ ఉందేమో చూడండి. అది వదిలేసి తిప్పితే పెద్దదాని తల పాడవుతుంది. గాడికి అచ్చంగా సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. బ్యారెల్, లింకు వచ్చాక సిలిండర్ ముందున్న ప్లగ్ మిగులుతుంది. దాని వెనక స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది, ఆఖరి మర దాటగానే తన్నుకుని వస్తుంది. పిస్టల్‌ని గుడ్డ చుట్టి వైస్‌లో మెత్తగా పట్టించి, ప్లగ్‌ని క్లాంప్‌తో అదిమి ఉంచి తిప్పండి. కళ్ళద్దాలు తప్పనిసరి. ముఖం ముందుకు పెట్టొద్దు.

పిస్టన్ చుట్టూ కంచు రింగు ఉంటే, అది కారు ఇంజన్ రింగులాంటిదే. విడదీసి లాగితే విరుగుతుంది, కాబట్టి అరిగిపోతే తప్ప తీయకండి. తిరిగి ఎక్కించేటప్పుడు సిలిండర్ గాడి అంచుకి తట్టుకోకుండా వేలితో నొక్కుతూ తోయాలి. స్ప్రింగ్‌ని గాజు పలక మీద దొర్లించండి. గంతులేస్తే వంకరపోయినట్టే.

లోపల కిరోసిన్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. స్ప్రింగుకీ పిస్టన్ ఒంటికీ మాలిబ్డినం గ్రీజు పల్చగా, మెరుపు కనిపించేంత మాత్రమే. ఇంట్లో ఉంది కదా అని కుట్టుమిషన్ నూనె పోసేస్తారు కొందరు. గాలి నలిగే గదిలో ఆ నూనె వేడికి మండి ఢామ్మంటుంది, రింగునీ స్ప్రింగునీ తినేస్తుంది. పెల్లెట్ లేకుండా పేల్చడమూ అంతే చేటు: ముందు గాలి దిండు లేక పిస్టన్ నేరుగా సిలిండర్ చివరి గోడకి గుద్దుకుంటుంది.

స్ప్రింగ్ మార్చాల్సివస్తే అసలు బలానిదే వేయండి. గట్టిది వేస్తే ట్రిగ్గర్ కొక్కెం త్వరగా అరుగుతుంది. పైగా బ్రిటన్‌లో ఎయిర్ పిస్టల్ పెల్లెట్ శక్తికి 6 ఫుట్-పౌండ్లే పరిమితి. మన దగ్గర అయితే బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) చూసుకోండి, 0.22 అంగుళాలది అయితే లైసెన్సు కావాలి.

బిగించాక మొదటి పది పదిహేను పెల్లెట్లకి కాస్త పొగ వస్తుంది. ఆ తర్వాతా వస్తుంటే గ్రీజు ఎక్కువైంది, మళ్ళీ విప్పి తుడవండి.