41 ఏళ్లకు డిగ్రీ: ఫీజు సంగతి సరే, జీతం సంగతేంటి?

ప్రశ్న: సార్, మాది టంగుటూరు దగ్గర పల్లె. 2002లో ఇంటర్ బైపీసీ పాసయ్యాను, వెంటనే పెళ్లయింది. ఇప్పుడు ఒక ప్రైవేట్ స్కూల్లో ఎల్‌కేజీకి చెబుతున్నాను. నెలకు 11 వేలు, మే నెల జీతం ఇవ్వరు. డిగ్రీ, బీఈడీ ఉన్నవాళ్లకు మా స్కూల్లోనే 18 వేలు ఇస్తున్నారు. నాకూ పెద్ద క్లాసులకు చెప్పాలని ఎప్పటినుంచో కోరిక. ఉద్యోగం మానేసి ఒంగోలులో రెగ్యులర్ డిగ్రీలో చేరనా, దూరవిద్యలో చేయనా? కాలేజీలో ఏడాదికి 18 వేలు అన్నారు. పోస్టాఫీసులో 90 వేలున్నాయి, ఆరు సవర్ల బంగారం ఉంది. తెలిసినాయన లక్ష ఇస్తానంటున్నాడు, రెండు రూపాయల వడ్డీ. మా ఆయన ఒక బ్యారన్‌కు (ఆకు కాల్చే కొట్టం) సరిపడా పొగాకు వేస్తారు. అమ్మాయి ఇంటర్ సెకండియర్. ఈ వయసులో చదువేంటని ఇంట్లో నవ్వుతున్నారు.

జవాబు: అమ్మా, ఉద్యోగం మానొద్దు, బంగారం కదపొద్దు, ఆ లక్ష అసలే తీసుకోవద్దు. డిగ్రీ మాత్రం చేయండి, దూరవిద్యలో. ఎందుకో చెబుతాను.

మీరు భయపడుతున్నది ఫీజు చూసి. ఏడాదికి 18 వేలు, మూడేళ్లకు 54 వేలు. కానీ ఉద్యోగం మానేస్తే ఏడాదికి 11 నెలల జీతం, అంటే 1,21,000 పోతుంది, మూడేళ్లకు 3,63,000. ఈ అంకె మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. చదువుకుంటామని రాసే పెద్దవాళ్లలో పది మందికి తొమ్మిది మంది ఇలాగే రాస్తారు, ఫీజు రూపాయితో సహా లెక్కేసి జీతం మాట మర్చిపోతారు.

పైగా జీతం మానుకోక తప్పని సమయం ముందుంది. బీఈడీ రెండేళ్లు రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లి చేయాల్సిందే. ఇగ్నోలో (ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దూరవిద్య బీఈడీ ఉంది కదా అంటారేమో, అది ఇప్పటికే టీచర్ ట్రైనింగ్ ఉన్నవాళ్లకు, మీకు కుదరదు. డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు అన్నీ రెగ్యులర్‌గానే అంటే ఐదేళ్లు జీతం లేకుండా పొగాకు మీద బతకాలి, ఒక్క సంవత్సరం రేటు పడిపోయినా మధ్యలో ఆగేది మీ చదువే. అందుకని డిగ్రీ జీతంతో పాటే నడవాలి, ఆ మూడేళ్లూ బీఈడీ కోసం కూడబెట్టాలి.

డీఎడ్ అయితే ఇంటర్ మీదే చేయొచ్చు కదా అని ఎవరైనా చెబుతారు. నిజమే, కానీ అది చిన్న తరగతుల వరకే, పైగా జీతం ఇప్పుడే ఆగుతుంది. మీరు కోరుకున్నది అది కాదు కాబట్టి వదిలేస్తున్నాను.

చేరేది జూలై సెషన్‌లో. ఇగ్నోలో జనవరి, జూలై రెండుసార్లు అడ్మిషన్లుంటాయి. జనవరిలో మీ ఇంట్లో చేతిలో డబ్బు ఎందుకుంటుంది, నారుమళ్లు, నాట్లు, ఎరువులు, కూలీలు అయ్యాక బ్యారన్ మొదలయ్యే సమయం అది. పొగాకు వేలం డబ్బు వేసవిలో ఖాతాలో పడుతుంది కాబట్టి జూలై ఫీజు అప్పు లేకుండా వెళ్లిపోతుంది, తర్వాతి ఏడాది రీరిజిస్ట్రేషన్ కూడా అదే సమయానికి వస్తుంది. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. జూన్ పరీక్షలకు మీ స్కూలు వేసవి సెలవులు కలిసొస్తాయి, జీతం రాని ఆ మే నెల కనీసం ఇలా ఉపయోగపడుతుంది. ఆకు కాల్చే (క్యూరింగ్) రెండు మూడు నెలలు పుస్తకం తెరవలేరు, బ్యారన్ దగ్గర రాత్రుళ్లు కాపలా, కూలీలకు వంట, అదంతా నాకు తెలుసు. వాటిని ముందే లెక్కలోంచి తీసేయండి, తీసేయకపోతే అప్పుడు చదవలేక నా వల్ల కాదనుకుని మానేస్తారు. మూడేళ్ల డిగ్రీ పూర్తి చేయడానికి ఇగ్నో ఆరేళ్ల వరకు గడువిస్తుంది.

ఇక గంటలు. ఇగ్నో కోర్సును క్రెడిట్లలో కొలుస్తుంది, ఒక క్రెడిట్‌కు 30 గంటల చదువు. ఏడాదికి 40 క్రెడిట్లు అనుకుంటే 1,200 గంటలు, రోజుకు మూడు గంటల పైన. అంతా ఎవరూ చదవరు, మనలో మన మాట. సగం మాత్రం చదవాలి. స్కూలు, వంట, గిన్నెలు, పొలం మధ్య రోజుకు గంటన్నర ఎక్కడి నుంచి తెస్తారో అదే మీ అసలు సమస్య, అందుకే డబ్బు అక్కడ పెట్టమంటున్నాను. గైడ్లకూ కోచింగ్‌కూ తగలేయకుండా, పరీక్షలకు ముందు రెండు నెలలు గిన్నెలకూ బట్టలకూ ఒక మనిషిని పెట్టుకోండి. ఇంట్లో వాళ్లు దుబారా అంటారు, అననివ్వండి, ఫీజు కట్టి పరీక్ష రాయకపోవడం అంతకంటే దుబారా.

ఇరవై ఏళ్లు పైన గ్యాప్ ఉంది కాబట్టి రూపాయి కట్టకముందే ఒక పని చేయండి. ఇగ్నో పుస్తకాలు ఈజ్ఞానకోశ్ సైట్‌లో ఉచితంగా ఉంటాయి, ఫోన్‌లోనే చదవొచ్చు. మీరు తీసుకోవాలనుకున్న సబ్జెక్టులో ఒక యూనిట్ మూడు వారాల్లో చదివి, చివర్లో ఇచ్చిన ప్రశ్నల్లో రెండింటికి చేత్తో నాలుగేసి పేజీలు రాయండి. చేయి నొప్పి పుడుతుంది, వాక్యం సగంలో ఆగిపోతుంది, ఇంగ్లిష్ అడ్డం పడుతుంది. ఆ ఇబ్బంది ఫీజు కట్టకముందే తెలియడం మంచిది. మీది తెలుగు మీడియం అయితే పుస్తకాలు ఏ భాషలో ఇస్తారు, పరీక్ష తెలుగులో రాయనిస్తారా అని కచ్చితంగా అడగండి. ఇగ్నోలో మీకు కుదరకపోతే మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్య కేంద్రాల్లో అడగండి, అన్నీ కాగితం మీద ఉండాలి. బీఎస్సీ జోలికి పోవద్దు, ప్రాక్టికల్స్‌కు తిరగాలి. బీఏ చాలు, కానీ సబ్జెక్టులు ఎంచుకునే ముందు బీఈడీలో ఏ మెథడాలజీకి (ఏ సబ్జెక్టు బోధనకు) ఏవి కావాలో బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ నిబంధనల్లో చూసుకోండి. బీఈడీకి డిగ్రీలో 50 శాతం కావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. పాసైతే చాలు అనుకుంటే అక్కడ ఇరుక్కుంటారు.

అనుమతి ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్‌తో సమానమని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ ఎప్పుడో చెప్పింది. అనుమతి లేనిది చిత్తు కాగితం. యూజీసీలో దూరవిద్య చూసే విభాగం పేరు డెబ్, దాని సైట్‌లో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ సెషన్ మూడూ ఉన్నాయో లేదో చూడండి. చేరాలంటే ఇప్పుడు డెబ్ ఐడీ కూడా కావాలి, అది మీరే చేసుకోండి, మీ అమ్మాయి పక్కన కూర్చుంటే అరగంట పని. వన్ సిట్టింగ్‌లో, అంటే మూడేళ్లదీ ఒకేసారి, డిగ్రీ ఇప్పిస్తామని బోర్డు పెట్టినవాళ్ల గుమ్మం తొక్కొద్దు. మా పెద్దక్క ఇలాగే ఒక సెంటర్‌లో మూడేళ్ల ఫీజు ఒకేసారి కట్టింది, డిస్కౌంట్ అన్నారని. రెండో ఏడు వెళ్తే బోర్డు తిప్పేశారు. డబ్బు పోయింది సరే, ఆమె మళ్లీ పుస్తకం పట్టలేదు, అది ఇప్పటికీ నాకు బాధే.

మీ ఉత్తరంలో అమ్మాయి ఒక్క ముక్కలో వచ్చి వెళ్లిపోయింది. ఆమె ఇంటర్ అయ్యాక పైచదువులో చేరేదీ మీరు చేరేదీ ఒకే సమయంలో! ఆ 90 వేలల్లో 50 వేలు ఆపద కోసం వదిలేయండి, మిగతా 40 వేలు ఆమె అడ్మిషన్ సమయానికి. ఆమె ఫీజు పెద్దదైతే బ్యాంకు విద్యా రుణం ఆమె పేరున తీసుకోండి, 4 లక్షల లోపు తాకట్టు అడగరు, కోర్సు అయ్యాక ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు. లక్షకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 వేలు, మీ దూరవిద్య డిగ్రీ మొత్తం దాదాపు అంతే ఖర్చులో అయిపోతుంది.

బీఈడీ కోసం నెలకు 3 వేలు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టండి, బ్యాంకులో 36 నెలలకు. పోస్టాఫీసు ఆర్‌డీ మంచిదే కానీ అది ఐదేళ్లది, మూడేళ్లకు మూసేస్తే సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. వేలం డబ్బు వచ్చిన ప్రతి ఏడాదీ 25 వేలు పక్కన పెడితే, ఆర్‌డీ 1,08,000తో కలిపి 1,83,000, వడ్డీతో రెండు లక్షల దగ్గరికొస్తుంది. రెండేళ్ల జీతం 2,42,000, ఫీజు పుస్తకాలు లక్ష అనుకున్నా, ఇంకా లక్షన్నర దాకా తగ్గుతుంది. అప్పుడు రెగ్యులర్ కోర్సు కాబట్టి మీకూ విద్యా రుణం అడగొచ్చు, బంగారం అక్కరకు వచ్చేదీ అప్పుడే, అదీ బ్యాంకులో కుదువ పెట్టి, అమ్మి కాదు. ఒంగోలు ప్రయాణం ఖర్చు నేను లెక్కలో వేయలేదు, 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా.

ఇంత చేస్తే గిట్టుబాటా? బీఈడీ రెండేళ్ల జీతం, ఫీజులకు తోడు డిగ్రీకి ఎక్కువలో ఎక్కువ 30 వేలు కలుపుకుంటే మొత్తం 3,72,000 పోతుంది. జీతం నెలకు 7 వేలు పెరిగితే ఏడాదికి 77 వేలు, అంటే ఐదేళ్లకు తిరిగొస్తుంది, అప్పటికి మీకు 51, 52 ఉంటాయి. నష్టం లేదు, కానీ డబ్బు కోసమే అయితే నేను గట్టిగా చెప్పను. ప్రభుత్వ టీచర్ ఉద్యోగం మనసులో ఉంటే ఇది కూడా వినండి: 2025 మెగా డీఎస్సీలో గరిష్ఠ వయసు ఓసీలకు 44, ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్‌లకు 49. మీ బీఈడీ అయ్యేసరికి 46 దాటుతుంది. మీరే కేటగిరీయో రాయలేదు, దాన్నిబట్టి ఆ ఆశ ఉంచుకోవాలో వద్దో మీరే చూసుకోండి.

నవ్వేవాళ్ల సంగతి నా లెక్కల్లోకి రాదు. కాకపోతే మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు, వాళ్లలో ఎంతమంది వయసు మీకంటే ఎక్కువో మీ ఇంట్లో అడిగి చూడండి.

ఆ మూడు వారాల చదువు అయ్యాక, ఎన్ని రోజులు కూర్చోగలిగారో, రోజుకు ఎన్ని నిమిషాలో అంకెలు నాకు రాయండి. మూడేళ్లలో చేయాలా నాలుగేళ్లు పెట్టుకోవాలా అన్నది వాటిని చూసి చెబుతాను, ఆర్‌డీ కూడా దాన్నిబట్టే మారుద్దాం.