ఇరవై ఏళ్ల ట్రాక్టరుకు ఇంజిన్ పని చేయించాలా, కొత్తదానికి లోను తీసుకోవాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా, ఎనిమిది ఎకరాల వరి. 2004 నాటి మాసీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు నీలం పొగ వదులుతోంది, ఆయిల్ తాగుతోంది. ఇంజిన్ పనికి 90 వేలవుతుందని మెకానిక్ అంటున్నారు. దీన్ని ఎక్స్ఛేంజీలో ఇచ్చి, 6 లక్షల లోనుతో కొత్తది కొందామని మా అబ్బాయి అంటున్నాడు. ఏది మేలు?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి పాతదాన్ని బాగు చేయించుకోవడమే మేలు. కానీ డబ్బు కట్టేముందు ఒక పరీక్ష చేయించండి.

ఆరు లక్షల లోనును 11 శాతం వడ్డీతో, అయిదేళ్లలో ఆరు నెలలకొక వాయిదా చొప్పున తీర్చాలనుకుంటే, ఒక్కో వాయిదా సుమారు 79,600 రూపాయలు అవుతుంది. అంటే ఇంజిన్ పనికి ఒక్కసారి పెట్టే మొత్తానికి దగ్గరగా ఉన్న సొమ్మును మీరు పదిసార్లు కట్టాలి. అందులో వడ్డీయే దాదాపు 1.96 లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గిన మాట నిజమే. అయినా సొంత ఎనిమిది ఎకరాల దుక్కికీ దమ్ముకే వాడే బండి ఏడాదిలో ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉంటుంది, వాయిదా మాత్రం ఆగదు. కిరాయికి తిప్పి, ఏటా 1.6 లక్షలు ఖర్చులు పోను మిగిల్చుకోగలరన్న నమ్మకం ఉంటే అప్పుడు లెక్క వేరు.

మీ బండిలో ఉన్నది మూడు సిలిండర్ల సింప్సన్ ఇంజిన్. ఇందులో సెన్సార్లు, కంప్యూటర్లు ఉండవు. డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. నీలం పొగ అంటే ఆయిల్ సిలిండర్లలోకి చేరి కాలుతోందని అర్థం, సాధారణంగా అరిగిన రింగులు, లైనర్ల వల్ల అలా జరుగుతుంది. వాటిని మారిస్తే ఇంజిన్ మళ్లీ చాలాకాలం పనిచేస్తుంది. నాకు అనుమానం ఇంజిన్ మీద కాదు, వెనక భాగం మీదే. ఏళ్ల తరబడి బురదలో దమ్ము చేసిన బండిలో సీళ్లు అరిగి, గేరు ఆయిల్‌లోకి నీరు చేరుతుంది. ఇంజిన్ విప్పకముందే ఆ ఆయిల్‌ను కొద్దిగా గాజు సీసాలోకి తీయించండి. అది పాలలా తెల్లబడినా, అడుగున ఇనుప రజను కనిపించినా, గేర్‌బాక్సుకూ హైడ్రాలిక్స్‌కూ కూడా అంచనా వేయించండి. మొత్తం ఖర్చు, బాగు చేశాక ఆ బండికి బయట వచ్చే ధరను సమీపిస్తే మరమ్మతు మానుకోండి.

పాత ట్రాక్టర్లను తప్పనిసరిగా తుక్కు చేయాలన్న ప్రచారం నిజం కాదు. రిజిస్ట్రేషన్ మాత్రం 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. మీ ఆర్‌సీ గడువు ఒకసారి చూసుకోండి.

మీ అబ్బాయి మాటలోనూ న్యాయం ఉంది, నాట్ల వేళ బండి ఆగితే అదును పోతుంది. అందుకని పంట అమ్మిన ప్రతిసారీ 15 వేలు విడిగా బ్యాంకులో వేసి, కిరాయి ట్రాక్టరుకో, క్లచ్ ప్లేటుకో, టైర్లకో మాత్రమే తీయండి. ఎప్పటికైనా కొత్తది కొనాల్సి వస్తే, ఎక్స్ఛేంజీతో ఎంత, లేకుండా ఎంత అని డీలరును విడివిడిగా అడిగి, ఆ తేడాను మీ పాత బండికి బయట పలికే ధరతో పోల్చుకోండి.