తలలో గడ్డ గట్టిదా, మెత్తదా... ఆపరేషన్‌కు ముందే తెలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. తలనొప్పికి ఎంఆర్‌ఐ తీయిస్తే పుర్రె అడుగుభాగంలో 4 సెంటీమీటర్ల మెనింజియోమా (మెదడును కప్పే పొరల్లోంచి పుట్టే గడ్డ) ఉందన్నారు. గడ్డ గట్టిదైతే తీయడం కష్టమని సర్జన్ చెప్పారు. ఎలాస్టోగ్రఫీ స్కాన్‌లో ఆ సంగతి ముందే తెలుస్తుందట. చేయించమంటారా?

జవాబు: ముందు మీ దగ్గరున్న ఎంఆర్‌ఐలో టీ2 ఫిల్ములు (నీరున్న చోటు తెల్లగా కనిపించే బొమ్మలు) చూడమని సర్జన్‌ని అడగండి. గడ్డ గ్రే మ్యాటర్ (మెదడులోని బూడిదరంగు భాగం) కన్నా నల్లగా ఉంటే లోపల పీచు ఎక్కువ, గట్టిదయ్యే అవకాశం ఉంది. తెల్లగా ఉంటే నీరు ఎక్కువ, మెత్తదై ఉండొచ్చు. గడ్డను గట్టిపరిచే సున్నం పేరుకుంటే సీటీ స్కాన్‌లో కనిపిస్తుంది. చిక్కంతా గ్రే మ్యాటర్ రంగులోనే కలిసిపోయే గడ్డతో.

ఎలాస్టోగ్రఫీ అక్కరకొచ్చేది అప్పుడే. ఎంఆర్‌ఐ మిషన్‌లోనే తల కింద మెత్తటి దిండు పెడతారు. గొట్టంలోంచి వచ్చే గాలికి అది సాధారణంగా సెకనుకు 60 సార్లు అదురుతుంది. నొప్పి ఉండదు, రేడియేషన్ లేదు. ఆ అదురు మెత్తటి కణజాలంలో నెమ్మదిగా, గట్టిదాంట్లో వేగంగా పాకుతుంది. దాన్నిబట్టి కంప్యూటర్ కిలోపాస్కల్స్ అనే కొలతలో గట్టిదనం లెక్కగడుతుంది. రిపోర్టులో అంకె చూసి బెంగపడకండి, దిండు సెకనుకు ఎన్నిసార్లు అదురుతుందో అది మారితే అంకే మారిపోతుంది. గట్టిదంటే క్యాన్సరని కూడా కాదు.

దీనికీ లోపాలున్నాయి. చిన్న గడ్డల్లో కొలత నమ్మలేం. సగం మెత్తగా, సగం రాయిలా ఉన్న గడ్డకు సగటు తీస్తే 'మధ్యరకం' అని వస్తుంది. మీ అమ్మగారి గడ్డలాగా ఎముకకు, సైనస్ గాలి గదులకు ఆనుకున్న చోట బొమ్మ చెదిరే ప్రమాదమూ ఉంది.

ఇంతకీ తెలిస్తే ఏమిటంటారా? మెత్తదైతే చాలావరకు సక్షన్‌తోనే (పీల్చే గొట్టంతోనే) లాగేయొచ్చు. గట్టిదైతే క్యూసా అనే అల్ట్రాసోనిక్ పరికరంతో లోపల్నుంచి తొలిచి, ముక్కలుగా కోసి తీయాలి. టైమ్ పెరుగుతుంది, రక్తం ఎక్కువ సిద్ధంగా ఉంచుకోవాలి. కంటి నరాన్నో పెద్ద రక్తనాళాన్నో గట్టిగా పట్టుకున్న ముక్కను లాగితే చూపు పోవచ్చు, పక్షవాతం రావచ్చు. అందుకే కొన్నిసార్లు కావాలనే కొంత వదిలి, అవసరమైతే తర్వాత రేడియేషన్ ఇస్తారు. అలా వదలాల్సి వస్తుందా అని సర్జన్‌ని ఇప్పుడే అడగండి.

ఎక్కడైనా 'మా దగ్గర ఎలాస్టోగ్రఫీ ఉంది' అంటే లివర్‌కా, తలకా అని అడగండి. ఎక్కువచోట్ల ఉన్నది లివర్‌కే. తలకు దిండూ, సెట్టింగులూ వేరు. దొరక్కపోతే టీ2, సీటీతోనే ముందుకెళ్లొచ్చు. చూపు మసకబారుతున్నా, పొద్దున్నే వాంతులవుతున్నా ఈ స్కాన్ కోసం ఒక్కరోజు కూడా ఆగొద్దు.