జీతాల క్వయర్ నడపబోతున్న మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం చేరింది. బరంపురంలో పదహారు మందిని జీతాల మీద పెట్టుకొని, వాద్యం తోడు లేకుండా, సొప్రానో, ఆల్టో అనే పై గొంతులూ టెనర్, బాస్ అనే కింది గొంతులూ ఒకేసారి నాలుగు వేర్వేరు వరుసల్లో, అంటే పార్టుల్లో, పాడే క్వయర్‌ను (గాయక బృందాన్ని) తయారు చేసే పని నీకు అప్పగించారని చదివి సంతోషించాను. కండక్టర్ ఉద్యోగం అనగానే ఏ రూటు బస్సు అని మీ అత్తయ్య అడిగిందిలే. ముప్పై ఏళ్లు చర్చి క్వయర్ నడిపినవాడిగా నాకు తెలిసింది రాస్తున్నాను. అయితే చర్చిలో యాభై గొంతుల మధ్య ఒకరి తప్పు కలిసిపోతుంది గాని, పార్టుకు నలుగురే నిలిచిన చోట ఏ తప్పూ దాగదు కనుక, నా అలవాట్లలో కొన్నింటిని నువ్వు వదిలేయవలసి ఉంటుంది.

మనుషులను ఎంచుకునేటప్పుడు గొంతు కన్నా చెవిని చూడు. ఒంటరిగా పాడించి ఎవరినీ తీసుకోవద్దు. ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి ఒకే స్వరాన్ని పట్టమని చెప్పి, పక్కవారు తగ్గినప్పుడు తానూ తగ్గేవారెవరో గమనించు. కచేరీలు చేసే గట్టి గొంతు దొరికిందని మురిసిపోతే ఆ పార్టులో మిగిలిన ముగ్గురూ అతనికి వంతపాటగాళ్లవుతారు. కర్ణాటక సంగీతం నేర్చినవారు వస్తే స్వరస్థానాలు నేర్పనక్కరలేదు, అదొక లాభం. కాని నాలుగు స్వరాలు కలిసి మోగుతున్నప్పుడు ఒకరు గమకం వేస్తే మిగతా పార్టులకు ఆధారం కదిలిపోతుంది కనుక, స్వరాన్ని ఊపకుండా నిలపడం వారికి మొదటి వారంలోనే అలవాటు చెయ్యి.

అన్నిటికన్నా ఎక్కువ కాలం అచ్చుల మీద పెట్టు. నీ వాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారూ ఒడియా మాట్లాడేవారూ కలిసి ఉంటారు. రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ళకారం ఇద్దరికీ ఉంది, అంతవరకు సుఖమే. చిక్కంతా అకారం దగ్గర వస్తుంది. మనం ‘అ’ను పెదవులు గుండ్రం చేయకుండా పలుకుతాం, ఒడియావారి ‘అ’ ఒకారానికి దగ్గరగా గుండ్రంగా ఉంటుంది. పైగా హ్రస్వదీర్ఘాల తేడా మనకు అర్థాన్నే మార్చేస్తుంది, వారి పలుకుబడిలో దానికి అంత పట్టు లేదు. సొప్రానోలో ఇద్దరు ఒకలా, ఇద్దరు ఇంకోలా పలికితే స్వరం సరిగ్గానే ఉన్నా వినేవారికి అపశ్రుతిగా తోస్తుంది, నువ్వేమో లేని తప్పును స్వరాల్లో వెతుకుతూ గంట పోగొట్టుకుంటావు. తెలుగు పాటకు తెలుగు అకారం, ఒడియా పాటకు ఒడియా అకారం అని ముందే తీర్మానించి, పాట ఎత్తుకోకముందు ఒకే స్వరం మీద ఆ అచ్చులను పాడించు. ఒడియా పాట రోజున ఒడియావారినే గురువులుగా నిలబెట్టు, అప్పుడు ఎవరి మనసూ నొచ్చుకోదు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడిలోనే ఉండి ఇక్కడి గిరిజనులైన సవరల భాషను వారి నోటే విని నేర్చుకున్నారు కదా. తెలుగు మాట చివరి సున్నా దగ్గర కూడా జాగ్రత్త, పెదవులు తాళంలో ఏ దెబ్బ మీద మూయాలో నువ్వు చెప్పకపోతే పదహారు మందీ పదహారు చోట్ల మూస్తారు.

ఇక శ్రుతి. ఒక క్రిస్మస్ రాత్రి నా క్వయర్ మూడు చరణాలు వాద్యం లేకుండా పాడింది, నాలుగో చరణానికి కీబోర్డు అందుకోగానే మేమంతా అర్ధస్వరం కిందికి జారి ఉన్నామని ఊరందరికీ తెలిసిపోయింది. గొంతులు అలసిపోయాయని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం, కిందికి దిగే స్వరాలను మరీ దించేస్తూ, పైకి ఎక్కే స్వరాలను పూర్తిగా అందుకోకుండా వదిలేస్తూ ఉన్నా నేను వినిపించుకోకపోవడమే. మరొక కారణం, ప్రాక్టీసు అంతా కీబోర్డు మీద ఆనుకొని చేయడం. కీబోర్డులోని అంతర గాంధారం (పై ‘గ’), తంబురా తీగలో తనంతట తానే పలికే స్వయంభూ గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువగా ఉంటుంది, సెంటు అంటే అర్ధస్వరంలో నూరోవంతు. అందువల్ల తంబురా పెట్టి, బాస్ షడ్జమాన్ని (స), టెనర్ పంచమాన్ని (ప) పట్టాక ఆల్టోను ఆ గాంధారం మీద నెమ్మదిగా కూర్చోబెట్టు. అది కుదిరిన క్షణం గదిలో ఎవరూ పాడని పై స్వరం ఒకటి వినిపిస్తుంది. దాన్ని ఒకసారి విన్నవారికి మళ్లీ చెప్పనక్కరలేదు.

చేతుల గురించి అడిగావు. చెయ్యి తాళం వేయడానికే కాదు, పాట మొదలవకముందు నువ్వు తీసుకునే ఊపిరిని వారికి చూపించడానికి. నీ భుజాలు బిగిస్తే వారి గొంతులు బిగుస్తాయి.

ఇలాంటి క్వయర్ మన వైపు నిలుస్తుందా అని నీ సందేహం. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్ చేత ఎన్నో భారతీయ భాషల పాటలను పార్టులు కట్టి పాడించారు. నీల్ నాంగ్‌కిన్రి 2001లో మొదలుపెట్టిన షిల్లాంగ్ ఛాంబర్ క్వయర్ 2010లో దేశమంతా చూసిన టీవీ పోటీలో గెలిచింది. నిలిచేదీ నిలవనిదీ చాలావరకు డబ్బు దగ్గర తేలుతుంది కనుక, ప్రదర్శనకే కాక ప్రాక్టీసు గంటలకూ ఎంత ఇస్తారో ముందే కాగితం మీద రాయించు. నీ జీతం సంగతి ఆ తర్వాత మాట్లాడు.

వచ్చే వారం బరంపురం వచ్చేవారితో శ్రుతి చూసుకునే నా ట్యూనింగ్ ఫోర్కు పంపుతున్నాను. అది సెకనుకు 440 కంపనాల మీద మోగుతుంది, మన లెక్కలో ఆరో శ్రుతి. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకో, బల్లకు కొట్టవద్దు, ఇప్పటికే ఒకవైపు కొంచెం వంగింది.

మీ మామయ్య